మడ్డి నీళ్లలో క్రాపీకి ఏ ఎర కనిపిస్తుంది?

ఉత్తర టెక్సస్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు రోజులు గట్టి వాన పడితే చాలు, డాలస్‌కు ఈశాన్యంగా ఉన్న లేక్ లావన్ నీళ్లు పాలెక్కువైన టీ రంగులోకి వచ్చేస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే క్రాపీ చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు పక్కకు చేరతాయి. చలికాలమంతా ఎదురుచూసి, సెలవు రోజు తెల్లవారుజామునే లేచి వెళ్తే ఎదురుగా బురద. సరే, దీనికి తగ్గ ఎర ఏదైనా కొందామని ఫిషింగ్ సామాన్ల షాపుకు వెళ్తే గోడ నిండా పాకెట్లు, పాకెట్‌కో రంగు.

అక్కడ ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వస్తాయి. మెరిసే పసుపు పచ్చ తప్ప ఏదీ కనిపించదని ఒకరు అంటారు. కాదు, నలుపు కావాలని ఇంకొకరు. రంగుతో పనే లేదు, నీళ్లలో దడదడలాడే రేకు ఉంటే చాలని మూడో మనిషి. ముగ్గురూ చేపలు పట్టేవాళ్లే, ముగ్గురూ తమ అనుభవమే చెబుతున్నారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది. నాకు అర్థమైనంతవరకు వాళ్లు ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఒకరు వెలుతురు గురించి, ఒకరు నీడ గురించి, ఒకరు అలజడి గురించి మాట్లాడుతున్నారు. ఆ మూడింటినీ విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఏమిటీ క్రాపీ?

ఇది ఉత్తర అమెరికా మంచినీటి చేప. మన చెరువుల్లో ఉండదు. లార్జ్‌మౌత్ బాస్, బ్లూగిల్ ఉండే సన్‌ఫిష్ కుటుంబానికి చెందింది. పేరు పలకడంలోనే రెండు వర్గాలున్నాయి: కొందరు క్రాపీ అంటారు, కొందరు క్ర్యాపీ అంటారు. లూసియానాలో అయితే రెండూ కాదు, ఫ్రెంచి నుంచి వచ్చిన సాకలే అనే పేరు.

ఇందులో రెండు జాతులు. తెల్ల క్రాపీకి ఒంటి మీద నిలువు చారలుంటాయి, వీపు రెక్కలో ముళ్లు సాధారణంగా ఆరు. నల్ల క్రాపీకి చారలుండవు, మసి చల్లినట్టు చుక్కలుంటాయి, ముళ్లు ఏడో ఎనిమిదో. మన విషయానికి ఈ తేడా ముఖ్యం. నల్లది తేట నీళ్లను, నాచు మొక్కలున్న చోటును ఇష్టపడుతుంది. తెల్లది మడ్డిని బాగా తట్టుకుంటుంది. తెల్ల క్రాపీ ప్రపంచ రికార్డు, 5 పౌండ్ల 3 ఔన్సుల చేప, 1957లో మిసిసిపీ రాష్ట్రంలోని ఈనిడ్ డ్యామ్ దగ్గర పడింది. అది వరద ఆపడానికి కట్టిన జలాశయం. కాబట్టి మడ్డి నీళ్లు అంటే చేపలు లేని నీళ్లని కాదు.

ఈ చేపకు కళ్లు పెద్దవి. పైకి చూసి తింటుంది, అంటే తనకన్నా కాస్త పైనున్న ఎర దగ్గరకే లేచి వస్తుంది, కిందకు దిగడం తక్కువ. మూతి పక్కల చర్మం కాగితమంత పల్చన. అందుకే దీన్ని పేపర్‌మౌత్ అని కూడా పిలుస్తారు; గట్టిగా లాగితే కొక్కెం చర్మం చీల్చుకుని వచ్చేస్తుంది.

గోడ మీద వేలాడేవాటి పేర్లు

ఎరల్లో ఎక్కువభాగం జిగ్ అనే కుటుంబానివి. జిగ్ అంటే ఒక కొక్కెం, దాని తల దగ్గర పోతపోసిన సీసపు గుండు. క్రాపీకి వాడే గుండు చాలా చిన్నది. ఔన్సులో 16వ వంతు, అంటే 1.8 గ్రాములు, లేదా 32వ వంతు, 0.9 గ్రాములు. ఆ కొక్కేనికి మెత్తటి ప్లాస్టిక్ ఒళ్లు తొడుగుతారు. గొట్టంలా ఉండి చివర కుచ్చులుంటే ట్యూబ్. తోక వంకీ తిరిగి ఉంటే కర్లీ టెయిల్. తోక చివర చిన్న గరిటెలా ఉంటే ప్యాడిల్ టెయిల్. ప్లాస్టిక్ బదులు ఈకలో వెంట్రుకలో కడితే హెయిర్ జిగ్.

జిగ్‌కి తిరిగే రేకు కూడా తగిలిస్తే అది స్పిన్నర్ వైపు వెళ్తుంది. గుర్రం తలలాంటి గుండు కింద చిన్న రేకు వేలాడే రోడ్ రన్నర్ ఇందులో బాగా తెలిసినది. ఇవి కాక చిన్న చేప ఆకారంలో, మూతి దగ్గర నాలుకలాంటి పలక ఉన్న క్రాంక్‌బైట్‌లు. లాగుతుంటే అవి అటూ ఇటూ ఊగుతూ నీళ్లలోకి దిగుతాయి.

మడ్డి అంటే ఒక్కటే కాదు

"నీళ్లు మురికిగా ఉన్నాయి" అనే మాట వెనక కనీసం మూడు వేరువేరు సంగతులున్నాయి.

మొదటిది మట్టి. లేక్ లావన్ చుట్టూ ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే నేల. మన కర్నూలు, ఆదిలాబాద్ పత్తి పొలాల నల్లరేగడి, ఆ నేల ఒకే వర్గానివి. ఎండితే నెర్రెలిచ్చి, తడిస్తే కాలికి మణుగుల కొద్దీ అంటుకునే బంకమట్టి. ఆ మట్టి రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే వాన వెలిసినా అంత తేలిగ్గా అడుగుకు దిగవు. ఒక్కో రేణువు మీద రుణ విద్యుదావేశం ఉండి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతూనే ఉంటాయి. మన ఊళ్లలో వానాకాలం చెరువు నీళ్ల బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేది ఇందుకే. ఆ గంధం రేణువులను ఒకచోటికి చేర్చి, బరువు పెంచి, కిందికి దించుతుంది. పటిక చేసేదీ అలాంటి పనే. జలాశయానికి చిల్లగింజ వేసేవాళ్లు ఉండరు కాబట్టి ఆ మడ్డి రోజులు, వారాలు అలాగే ఉండిపోతుంది.

రెండోది పాకుడు, అంటే నీళ్లలో తేలే సన్నటి ఆల్గే. వేసవిలో నీళ్లు ఆకుపచ్చగా, చిక్కగా కనిపించేది దీనివల్ల.

మూడోది కషాయం లాంటి నీరు. టెక్సస్, లూసియానా సరిహద్దులో క్యాడో లేక్ ఉంది. నీళ్లలోనే పెరిగే సైప్రస్ చెట్లు, రాలి కుళ్లిన ఆకులు. ఆకుల్లోని వగరు నీళ్లలో కరిగి డికాక్షన్ రంగు వస్తుంది. ఇందులో తేలే రేణువులు తక్కువ. గ్లాసులో పోసి చూస్తే రంగు ఉంటుంది గానీ అవతలి వైపు కనిపిస్తుంది. మట్టి నీళ్లయితే కనిపించదు. పైనుంచి చూస్తే రెండూ గోధుమ రంగే. అయినా చేప కంటికి రెండూ పూర్తిగా వేరు.

మడ్డిని కొలవడానికి శాస్త్రవేత్తలు సెకీ డిస్క్ అనే గుండ్రటి పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించుతారు. అది ఎక్కడ కంటికి కనిపించకుండా పోతే ఆ లోతే లెక్క. 1865లో ఇటలీకి చెందిన ఏంజెలో సెకీ అనే మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతి. చేపలు పట్టేవాళ్లు అదే పనిని ఎరతోనే చేస్తారు. నేను కిందటి వసంతంలో చెక్క వంతెన మీద మోకాళ్లూని, పసుపు పచ్చ జిగ్‌ను దారంతో పాటు రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా దించాను. బెత్తెడు లోతుకు అంచులు చెదిరాయి. జానెడు దగ్గర అది ఎర కాదు, ఒక లేత మచ్చ. ఇంకో రెండు అంగుళాలు దిగేసరికి మచ్చ కూడా లేదు. దారం మాత్రం నీళ్లలోకి దిగి మాయమైనట్టుంది. పక్కనే నలుపు జిగ్ దించితే అది జానెడు కూడా రాలేదు. అప్పుడు నేను "చూశావా, పసుపే నయం" అనుకున్నాను. ఆ అనుకోవడంలో ఒక తప్పుంది: నేను పైనుంచి కిందికి చూశాను, చేప కిందనుంచి పైకి చూస్తుంది.

రంగు నీళ్లలో ఏమవుతుంది

రంగు ఎరలో ఉండదు, ఎర మీద పడి తిరిగివచ్చే వెలుగులో ఉంటుంది. ఆ వెలుగే అందకపోతే రంగు కూడా లేదు.

లోతైన తేట నీళ్లలో ఎరుపు వెలుగు ముందు పోతుంది, నీలం చాలా లోతు వరకు వెళ్తుంది. సముద్రం నీలంగా కనిపించడానికి అదొక కారణం. ఫిషింగ్ పాఠాల్లో ఎక్కువగా వినిపించే "ఎరుపు మొదట మాయమవుతుంది" అనే మాట అక్కడిది. మట్టి నీళ్లలో ఆ లెక్క తిరగబడుతుంది. నీలం, ఊదా వెలుగులు ముందే చెదిరిపోయి, ఇంకిపోయి, మిగిలేది నారింజ, ఎరుపు వైపు వెలుగు. డికాక్షన్ నీళ్లలోనూ అంతే. పాకుడు నీళ్లలో మాత్రం ఆకుపచ్చ, పసుపు మిగులుతాయి. తేట నీళ్ల సూత్రాన్ని తెచ్చి బురదకు అంటించడం వల్ల ఎంతోమంది తప్పు దారిలో పడ్డారు.

ఇప్పుడు ఒక్కో రంగును ఆ గోధుమ వెలుగులోకి దించి చూద్దాం. నీలం ఎరకు తిరిగి పంపడానికి నీలం వెలుగే లేదు, కాబట్టి నల్లగా కనిపిస్తుంది. ముదురు ఊదా మీద ఆకుపచ్చ మెరుపులుండే జూన్‌బగ్ కూడా చాలావరకు నలుపే. తెలుపు తన మీద పడిన వెలుగంతా తిరిగి పంపుతుంది, కానీ పడేదే గోధుమ వెలుగు. అందుకని తెల్ల ఎర గోధుమ రంగుకు మారి చుట్టూ ఉన్న నీళ్లలో కలిసిపోతుంది. ఎరుపు ఇక్కడ మాయమవ్వదు, వెలుగుతుంది. అయితే వెనకున్న నీళ్లు కూడా ఎర్రగానే ఉండటంతో తేడా తక్కువ.

ఇక అందరూ చెప్పే చార్ట్‌రూజ్. ఫ్రాన్స్‌లో సన్యాసులు తయారుచేసే ఒక మద్యం రంగు నుంచి వచ్చిన పేరు. మనకు తెలిసిన పోలిక టెన్నిస్ బంతి. ఎరలకు వాడే చార్ట్‌రూజ్ మామూలు రంగు కాదు, ఫ్లోరసెంట్ రంగు. అంటే కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని, నీలం కాంతిని పీల్చుకుని దాన్ని పసుపు పచ్చగా మార్చి బయటికి వదులుతుంది. అందుకే మబ్బు పట్టిన రోజున కూడా రోడ్డు పనివాళ్ల జాకెట్ అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇందులోనే దాని పరిమితి కూడా ఉంది. దానికి మేత ఆ నీలం, అతినీలలోహిత కాంతే. మట్టి నీళ్లలో మొదట పోయేవి అవే. కాబట్టి పై మూరెడు నీళ్లలో చార్ట్‌రూజ్‌కు ఉన్న బలం నాలుగడుగుల లోతులో ఉండదు.

నలుపు సంగతి వేరు. దాని మీద ఏ వెలుగూ పడక్కర్లేదు. కింద ఉన్న చేపకు పైన ఆకాశపు వెలుగు పడుతుంది, మధ్యలో నల్లటి ఆకారం అడ్డం వస్తే అది నీడగా తెలుస్తుంది. సాయంత్రం కరెంటు తీగ మీద వాలిన పిట్ట రంగు చెప్పలేం, పిట్ట ఉందని మాత్రం చెప్పగలం కదా. నా వంతెన ప్రయోగంలో నలుపు ఓడిపోయింది ఎందుకంటే దాని వెనక ఆకాశం లేదు, చీకటి అడుగు ఉంది. నలుపు ఒళ్లు, చార్ట్‌రూజ్ తోక ఉన్న ఎరలు ఇంతగా అమ్ముడుపోవడానికి కారణం ఇదే అనుకుంటాను. పక్కనుంచి చూసిన చేపకు తోక, కిందనుంచి చూసిన చేపకు ఒళ్లు.

చేప కంటికి ఏం తెలుస్తుందన్నది ఇంకో ప్రశ్న. ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లార్జ్‌మౌత్ బాస్ మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ఆ చేప కంట్లో రంగు గుర్తించే కణాలు రెండు రకాలే, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు. ఎరుపును, ఆకుపచ్చను అది బాగా పోల్చుకుంది. చార్ట్‌రూజ్ పసుపును తెలుపుతోనూ, నీలాన్ని నలుపుతోనూ పొరబడింది. బాస్ క్రాపీకి దాయాది మాత్రమే, క్రాపీయే కాదు. పైగా ఆ పరీక్ష బురదలో జరగలేదు. అయినా షాపు గోడ మీద నలభై రంగులు మనకు కనిపిస్తున్నాయంటే చేపకూ నలభైగానే కనిపిస్తున్నాయని అనుకోకూడదని మాత్రం తెలుస్తుంది.

కనిపించే దూరం తగ్గితే ఏం జరుగుతుందో ఒక లెక్క

ఒక ఎర నీళ్లలో నిలిచి ఉంది. నాలుగు అడుగుల దూరం నుంచి చేపకు కనిపిస్తుందనుకుందాం. అంటే ఎర చుట్టూ నాలుగు అడుగుల వ్యాసార్థం ఉన్న గోళంలో ఏ చేప ఉన్నా చూస్తుంది. ఇప్పుడు వాన పడి ఆ దూరం ఒక అడుగుకు తగ్గింది. దూరం నాలుగో వంతుకే తగ్గినట్టుంది గానీ గోళం పరిమాణం దూరానికి ఘనంలో మారుతుంది: 4×4×4, అంటే 64వ వంతు. నిన్న 64 చేపలకు కనిపించిన ఎర ఇవాళ ఒక్కదానికి.

మడ్డిలో చేపలు తక్కువ పడటానికి మొదటి కారణం ఇది. చేపలు తినడం మానేశాయని కాదు, ఎర వాటికి తెలియడం లేదు. చేపలకూ ఈ కష్టం ఉంది. క్రాపీకి మరో దాయాది బ్లూగిల్. దాని మీద 1981లో అచ్చయిన ప్రయోగంలో, నీళ్లు ఎంత మడ్డిగా ఉంటే అది తిన్న మేత అంత తగ్గింది.

ఇప్పుడు రంగు దగ్గరకు మళ్లీ వద్దాం. మడ్డి నీళ్లు మంచు తెరలాంటివి. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున హైవే మీద బండి నడిపినవాళ్లకు తెలుసు: హై బీమ్ వేస్తే దూరం కనిపించదు, తెర ఇంకా తెల్లబడుతుంది. వస్తువుకూ వెనకున్న నీళ్లకూ ఉన్న తేడా ప్రతి కొన్ని అంగుళాలకూ సగం సగం తగ్గుతుంది. లెక్క కోసం మూడు అంగుళాలకు సగం అనుకుందాం. ఒక మంచి రంగు ఎర దగ్గరగా చూసినప్పుడు 80 పాళ్ల తేడా చూపిస్తుంది, ఒక నాసి రంగు 40 పాళ్లు. 5 పాళ్ల కంటే తగ్గితే చేపకు తెలియదు. మంచి రంగు 80, 40, 20, 10, 5: నాలుగు మెట్లు, పన్నెండు అంగుళాలు. నాసి రంగు 40, 20, 10, 5: మూడు మెట్లు, తొమ్మిది అంగుళాలు. రెట్టింపు మంచి రంగు తెచ్చినా లాభం మూడు అంగుళాలే. ఈ అంకెలు నేను ఉదాహరణకు పెట్టుకున్నవి, తగ్గే తీరు మాత్రం నిజం.

రంగు వాదులు, రంగు వద్దనేవాళ్లు ఇద్దరూ ఈ లెక్క నుంచే తమ తమ జవాబులు తీసుకోవచ్చు. మూడు అంగుళాల కోసం ఇంత తగువా అని ఒకరు. కానీ మళ్లీ గోళం లెక్క వేయండి: పన్నెండు ఘనాన్ని తొమ్మిది ఘనంతో భాగిస్తే 2.37. అంటే రెండింతలకు పైగా నీళ్లలో ఎర కనిపిస్తుంది, ఇది చిన్న సంగతా అని ఇంకొకరు. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. చేప ఎక్కడుందో తెలియక వెతికేవాళ్లకు ఆ రెండింతలు పనికొస్తాయి. చేప ఉన్న మొద్దు పక్కనే, దాని మూతికి జానెడు దూరంలో ఎర దించగలిగినవాళ్లకు తొమ్మిది అంగుళాలు చాలు, రంగు ఏదైనా ఒకటే.

కంటితో కాక ఒంటితో వినడం

చేప ఒంటి పక్కన తల నుంచి తోకదాకా సన్నటి గీత ఉంటుంది. కొరమీను పొలుసు గీసేటప్పుడు చూసే ఉంటారు. దాన్ని పార్శ్వరేఖ అంటారు. దానివెంట ఉన్న సున్నితమైన కణాలు నీటి కదలికను పసిగడతాయి. పక్కన చిన్న చేప తోక ఆడిస్తే తోసుకువచ్చే నీటి నెట్టుడు చేపకు తెలిసేది అలాగే. దీనికి వెలుతురు అక్కర్లేదు, బురద అడ్డం కాదు. అయితే దూరం తక్కువ, సుమారుగా చేప సొంత పొడవు, మహా అయితే దానికి రెండింతలు. టెక్సస్‌లో చాలా జలాశయాల్లో ఉంచుకోదగ్గ క్రాపీ కనీసం 10 అంగుళాలుండాలి. అలాంటి చేపకు పార్శ్వరేఖ అందేది 10 నుంచి 20 అంగుళాలు. కంటిచూపు నాలుగడుగులు అందే రోజున ఇది చిన్నది. చూపు ఆరు అంగుళాలకు పడిపోయిన రోజున ఇదే పెద్దది. రేకు ఉంటే చాలన్న మనిషి మాటకు బలం ఇక్కడుంది.

రేకుల్లోనూ తేడా ఉంది. కొలరాడో రేకు గుండ్రటి గరిటెలా ఉండి, తిరిగేటప్పుడు నీళ్లను ఎక్కువ తోస్తుంది. రాడ్ పట్టుకున్న చేతికే ఆ దడ తెలుస్తుంది. విల్లో రేకు పొడవుగా ఆకులా ఉండి తక్కువ తోస్తుంది, ఎక్కువ మెరుస్తుంది. మెరుపంటే ఎండ సూటిగా తగిలి తిరిగి రావడం. మడ్డిలో వెలుగు అన్ని వైపులా చెదిరిపోతుంది కాబట్టి మెరుపుకు విలువ తగ్గి, తోపుకు పెరుగుతుంది. ప్యాడిల్ టెయిల్, కర్లీ టెయిల్ కూడా ఎంతో కొంత తోస్తాయి. లోపల గోలీలు గలగలమనే ఎరలు పార్శ్వరేఖకంటే చెవి కోసం. నీళ్లలో శబ్దం గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళ్తుంది, దూరం కూడా వెళ్తుంది.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. ఏ రేకూ, ఏ గలగలా లేని మామూలు ట్యూబ్ జిగ్‌ను బెండు కింద కట్టి, అలల ఊపుకు వదిలేసి, బురదలో నిండుగా క్రాపీ పట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. క్రాపీ ప్రధానంగా చూసి తినే చేప, చప్పుడు మరీ ఎక్కువైతే బెదిరి పక్కకు పోతుందని వాళ్లు అంటారు. నీళ్లు చల్లగా ఉండి చేప మందకొడిగా ఉన్నప్పుడు ఈ మాట నిజమవుతుందని నా అనుభవం కూడా చెబుతోంది.

నిదానం, లావు, వాసన

వేగానికీ ఒక లెక్కుంది. ఎర చుట్టూ ఒక అడుగు దూరం వరకు చేపకు తెలుస్తుందంటే, ఎర దాటిపోయే దారి పొడవు మహా అయితే రెండడుగులు. సెకనుకు రెండడుగుల వేగంతో లాగితే చేపకు దొరికే సమయం ఒక్క సెకను. అర అడుగు వేగంతో లాగితే నాలుగు సెకన్లు. తిరిగి చూసి, నిర్ణయించుకుని, లేచి నోరు తెరవడానికి ఒక సెకను సరిపోదు. తేలికైన గుండు వాడటం కూడా ఈ కోవలోదే, 0.9 గ్రాముల గుండు 1.8 గ్రాములదానికంటే మెల్లగా దిగుతుంది.

కానీ మిసిసిపీలోని గ్రెనాడా, సార్డిస్ జలాశయాల్లో మండు వేసవిలో పడవ వెనక క్రాంక్‌బైట్‌లు కట్టి గంటకు రెండు మైళ్లకు దగ్గరగా, అంటే సెకనుకు మూడడుగుల దాకా వేగంతో లాగుతూ క్రాపీని పడతారు. ఆ నీళ్లూ మడ్డివే. నిదానం సూత్రం అక్కడ ఎందుకు పనిచేయలేదు? పనిచేయకపోవడం కాదు, బేరం మారింది. నీళ్లు వెచ్చగా ఉండి చేప చురుగ్గా ఉంది. ఎర ఆపకుండా ఒకే తీరున ఊగుతూ దడ పుట్టిస్తోంది. అన్నిటికంటే ముఖ్యంగా గంటలో ఎన్నో వేల అడుగుల నీళ్లు తడిమేస్తున్నారు. ఒక్కో చేపకు ఇచ్చే సమయం తగ్గించి చేపల సంఖ్య పెంచుకున్నారు.

లావు విషయంలో పెద్ద తగువు లేదు. లావైన ఎర నీడ పెద్దది, నీళ్లను ఎక్కువ తోస్తుంది, మెల్లగా దిగుతుంది. తేట నీళ్లలో రెండంగుళాలకంటే చిన్నది వాడేవాళ్లు మడ్డిలో రెండున్నర, మూడుకు వెళ్లడం అందుకే. చలినీళ్లలో చేప ఆకలి తక్కువ కాబట్టి చిన్నదే నయమనేవాళ్లూ ఉన్నారు.

వాసన కోసం కొక్కెం కొసకు గుచ్చే చిన్న ముద్దలు అమ్ముతారు, బెర్క్‌లీ కంపెనీ క్రాపీ నిబుల్స్ లాంటివి. నిలకడ నీళ్లలో వాసన పాకడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి అవి దూరం నుంచి చేపను పిలుస్తాయనుకోవడం కష్టం. నోట్లో పెట్టుకున్న ఎరను వెంటనే ఉమ్మేయకుండా ఇంకాస్త సేపు పట్టుకుంటుందని వాడేవాళ్లు చెబుతారు. పల్చటి మూతి ఉన్న చేప విషయంలో ఆ కాస్త సేపు విలువైనదే.

తెర మీద చేపను చూడటం మొదలయ్యాక

2018లో గార్మిన్ కంపెనీ లైవ్‌స్కోప్ తెచ్చింది. పడవ ముందున్న నీళ్లలోకి శబ్ద తరంగాలు పంపి, తిరిగివచ్చినవాటితో అప్పటికప్పుడు కదిలే బొమ్మ చూపించే సోనార్. శబ్దానికి మడ్డి పెద్ద అడ్డం కాదు. నీళ్లలో ఏముందో కంటికి తెలియని చోట కూడా మొద్దు, మొద్దు పక్కన చేప, దాని మీదికి దిగుతున్న ఎర, మూడూ తెర మీద కనిపిస్తాయి.

ఇది పాత తగువును కొత్తగా మార్చింది. రంగు మార్చడం కంటే ఎరను చేపకు ఆరంగుళాలు దగ్గర చేయడం ఎక్కువ పనిచేస్తోందని తెర చూసేవాళ్లలో చాలామంది అంటున్నారు. అదే తెర మీద, ఎర దగ్గరకు లేచివచ్చి ఆగి వెనక్కి తిరిగిన చేప, రంగు మార్చగానే వచ్చి కొట్టడం మేం చూశామని ఇంకొందరు. ఆ చేప రంగుకే లొంగిందా, రెండోసారి ఎర మెల్లగా దిగిందా అన్నది అక్కడ తేలదు. ఒక్కసారికి ఒక్కటే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచితే తప్ప ఏది పనిచేసిందో చెప్పలేం. చేపలు పడుతున్న మనిషికి అంత ఓపిక ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

మూడు రోజులు, మూడు నీళ్లు

మొదటిది వాన వెలిసిన మర్నాటి లావన్. చూపు ఆరంగుళాలు. వాగు కలిసే చోట కొత్త నీరు చల్లగా ఉంది. ఈ రోజు కంటికంటే పార్శ్వరేఖకే ఎక్కువ అందుతుంది. చేప ఏదో ఒకదాన్ని, మొద్దునో తుప్పనో ఆనుకుని ఉంటుంది. మడ్డి మాటున ఉన్న చేపకు బెదురు తక్కువ కాబట్టి మనిషి కూడా చాలా దగ్గరకు వెళ్లగలడు. ఈ నీళ్లకు సరిపోయే ఎర బొమ్మ గీస్తే ఇలా ఉంటుంది: లావుపాటి ఒళ్లు, తోసే తోక లేదా చిన్న కొలరాడో రేకు, నలుపు చార్ట్‌రూజ్ కలిపిన రంగు, మోకాలి లోతులో మొద్దును రాసుకుంటూ దాదాపు కదలనట్టు. రంగు ఇక్కడ నాలుగో స్థానం.

రెండోది ఆగస్టు నెల పాకుడు నీళ్లు. చూపు రెండడుగులు. మిగిలిన వెలుగు పసుపు పచ్చది, చార్ట్‌రూజ్‌కు వెనకున్న నీళ్లూ అదే రంగు. వసంతంలో గెలిపించిన రంగు ఇక్కడ వెనకబడటంలో ఆశ్చర్యం లేదు. ముదురు రంగు నీడగానైనా నిలుస్తుంది. చూపు రెండడుగులుంది కాబట్టి రేకు లేకపోయినా నష్టం తక్కువ.

మూడోది క్యాడో. నీళ్లు డికాక్షన్ రంగు, కానీ రేణువులు తక్కువ, తెర పల్చన. పైనుంచి చూసి బురద అనుకుని పెద్ద గలగలల ఎర కడితే అది ఈ నీళ్లకు మరీ ఎక్కువ. ఇక్కడ ఎర అంచులు చెదరవు, ఆకారం దూరం నుంచే స్పష్టంగా తెలుస్తుంది. నీలం ఇక్కడా నలుపే, నారింజ మాత్రం బతికే ఉంటుంది. సైప్రస్ మొదళ్ల నీడలో, అక్కడి వేటగాళ్లు బెండు కింద చిన్న హెయిర్ జిగ్ కట్టి, ఈకలు వాటంతట అవే ఊగేలా వదిలి కూర్చుంటారు.